ఆ గ్రేడు బడిది, బిడ్డ మనది

జూన్ నెల వచ్చేసరికి టెక్సస్‌లోని మన తెలుగు ఇళ్ళలో ఒక బెంగ మొదలవుతుంది. బడులకు సెలవులు ఇచ్చేసి ఉంటారు. పిల్లలు రోజంతా ఈత కొలను దగ్గరే. అలాంటి రోజుల్లో ఫోనుకు కబురు వస్తుంది, రాష్ట్రం పెట్టిన స్టార్ పరీక్షల ఫలితాలు పోర్టల్‌లో పెట్టామని. రాత్రి పిల్లలు నిద్రపోయాక అమ్మా నాన్నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారు. ‘మీట్స్ అట, మాస్టర్స్ రాలేదు’ అంటారు ఒకరు. ‘వాళ్ళ అమ్మాయికి చదవడంలోనూ లెక్కల్లోనూ మాస్టర్సే’ అంటారు ఇంకొకరు. ఆ పూట ఇద్దరికీ సరిగా నిద్ర పట్టదు.

ఈ బెంగ పడినందుకు మనం సిగ్గుపడాల్సిన పని లేదు. మనం పెరిగిన తీరే అలాంటిది. పదో తరగతి మార్కులు, ఇంటర్ మార్కులు, ఆ పైన ఎంసెట్ ర్యాంకు. ప్రభుత్వం పెట్టే పరీక్ష అంటే మన బతుకు ఎటు తిరగాలో తేల్చే పరీక్ష. ఆ పరీక్షలు గట్టెక్కినవాళ్ళమే చాలామందిమి ఇక్కడికొచ్చి ఉద్యోగాలు చేసుకుంటున్నాం. అందుకే బిడ్డ పేరు పక్కన రాష్ట్రం వేసిన ఒక అంకె కనబడితే గుండె ఝల్లుమంటుంది. అది ప్రేమే. అయితే ఇక్కడి రాష్ట్ర పరీక్షకూ మన ఎంసెట్‌కూ పోలిక లేదు. ఈ పరీక్షతో రాష్ట్రం మొదటగా నిలదీసేది బడిని, డిస్ట్రిక్టును. ఈ సంగతి మనసుకు ఎక్కితే సగం బెంగ తగ్గుతుంది. మిగతా సగాన్ని ఎటు మళ్ళించాలో కూడా తెలుస్తుంది.

అసలు ఇన్ని పరీక్షలు ఎందుకొచ్చాయో ఒకసారి చూద్దాం. వెనకటి రోజుల్లో ఒక బడి సగటు బాగుంటే ఆ బడి బాగున్నట్టే లెక్క. ఆ సగటు చాటున పేదింటి పిల్లలు, నల్లజాతి పిల్లలు, వైకల్యం ఉన్న పిల్లలు, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు ఎంత వెనకబడి ఉన్నారో ఎవరికీ కనిపించేది కాదు. 2002 జనవరిలో అధ్యక్షుడు జార్జ్ బుష్ సంతకం చేసిన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం ఆ చాటును తొలగించాలనుకుంది. మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా చదవడంలోనూ లెక్కల్లోనూ, హైస్కూల్లో ఒకసారీ ప్రతి రాష్ట్రం పరీక్ష పెట్టాలంది. ఫలితాలను పిల్లల వర్గాల వారీగా విడదీసి అందరికీ చూపించాలంది. 2014 కల్లా ప్రతి బిడ్డా తన తరగతి స్థాయిని అందుకోవాలన్న లక్ష్యం మాత్రం నెరవేరలేదు. 2015 డిసెంబరులో ఒబామా సంతకంతో వచ్చిన ‘ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్’ చట్టం ఆ పరీక్షల్ని అలాగే ఉంచింది. బడిని ఎలా అంచనా వేయాలన్నది చాలావరకు రాష్ట్రాలకే వదిలేసింది.

అందుకే ఇప్పుడు ఒక్కో రాష్ట్రానిది ఒక్కో కొలత. కాలిఫోర్నియా తన బడులకు ఎరుపు నుంచి నీలం దాకా అయిదు రంగులు వేస్తుంది. ఈ ఏడు ఎక్కడున్నారన్నదే కాక, పోయినేడు కన్నా పెరిగారా తగ్గారా అన్నది కూడా కలిపి రంగు తేలుస్తుంది. టెక్సస్ ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు ఇస్తుంది. ఆ అక్షరంలో మూడు పాళ్ళు ఉన్నాయి. పిల్లలు ఏ స్థాయిలో ఉన్నారన్నది ఒకటి. ఏడాదిలో ఎంత ఎదిగారన్నది రెండోది. వర్గాల మధ్య తేడాలు తగ్గుతున్నాయా అన్నది మూడోది. మొదటి రెండింటిలో ఏది మెరుగైతే దానికి 70 శాతం, మూడోదానికి 30 శాతం బరువు.

ఇక్కడ మనం ఓపిగ్గా వినాల్సిన కష్టమైన నిజం ఒకటి ఉంది. మనలో చాలామందిమి ఇల్లు కొనేటప్పుడు వంటగది కన్నా ముందు బడి రేటింగు చూస్తాం. ఆ అక్షరం కోసం అప్పు నాలుగు రాళ్ళు ఎక్కువైనా సిద్ధపడతాం. బిడ్డ బాగు కోసమే కదా. కానీ ఆ అక్షరం రాతిమీద గీత కాదు. హైస్కూళ్ళను చదువు ముగిశాక కాలేజీకో ఉద్యోగానికో సిద్ధమైన పిల్లల శాతంతో కూడా కొలుస్తారు. ఆ కొలతలో ‘ఏ’ రావాలంటే ఒకప్పుడు 60 చాలేది. రాష్ట్రం దాన్ని 88కి పెంచింది. చాలా డిస్ట్రిక్టులు కోర్టుకెక్కాయి. 2023 నాటి గ్రేడ్లు చివరికి 2025 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. తరగతి గదిలో అదే టీచరు, అవే పాఠాలు. గీత జరిగితే అక్షరం మారిపోతుంది.

ఇంకో మాట. సగటు స్కోరు చాలావరకు ఆ బడికి వచ్చే పిల్లల ఇళ్ళ గురించి చెబుతుంది. అమ్మానాన్నల చదువు, రాబడి, ఇంట్లో పుస్తకాలు అన్నీ అందులో కలిసే ఉంటాయి. బడి ఏం చేసిందో తెలియాలంటే ఎదుగుదలను చూడాలి. తిరుమల సంగతే చూడండి, అలిపిరి నుంచి నడిస్తే సుమారు 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో దాదాపు 2,400. కొండ మీద క్యూలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరినీ చూసి ఎవరు ఎన్ని మెట్లు ఎక్కారో చెప్పలేం. అందుకే న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలు ఒక బిడ్డను, ముందటి ఏళ్ళలో అదే స్థాయిలో స్కోరు తెచ్చుకున్న పిల్లలతో పోల్చి ఎంత ఎదిగాడో లెక్కగడతాయి. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు షాన్ రియర్డన్ 2017లో షికాగో బడుల గురించి చూపించింది కూడా ఇదే. అక్కడి పిల్లల మూడో తరగతి స్కోర్లు దేశ సగటు కన్నా బాగా తక్కువ. కానీ ఎనిమిదో తరగతికి చేరే అయిదేళ్ళలో సగటున ఆరేళ్ళ చదువుకు సరిపడా ఎదిగారు. సగటు మాత్రమే చూసేవాళ్ళకు ఆ బడుల్లో జరిగిన పని కనిపించదు.

కాబట్టి బడి గ్రేడు ‘బి’ అయిందని తెలిసిన రోజున ఇల్లు అమ్ముకుందామా అని ఆలోచించే ముందు, ఎదుగుదల వరస ఒక్కసారి చూద్దాం. అది బాగుంటే ఆ బడిలో మన బిడ్డకు చదువు అందుతున్నట్టే. అది రెండు మూడేళ్ళుగా బాగా లేకపోతే మాత్రం ఊరుకోకూడదు. ప్రిన్సిపాల్‌ను కలిసి అడిగే హక్కు మనకుంది. ఈ కొలతలు పుట్టింది కూడా అందుకే.

ఇక బిడ్డ కాగితానికి వద్దాం. టెక్సస్‌లో నాలుగు మెట్లు పెట్టారు. డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. అప్రోచెస్ వస్తే పాసైనట్టే. కాకపోతే వచ్చే ఏడు నిలదొక్కుకోవడానికి ఫలానా చోట సాయం కావాలని దాని అర్థం. మీట్స్ అంటే పై తరగతికి బాగానే సిద్ధంగా ఉన్నాడని, అక్కడక్కడ చిన్న చేయూత చాలని. మాస్టర్స్ అంటే సాయం పెద్దగా అక్కర్లేదని. పక్కన పర్సంటైల్ అనే అంకె ఉంటే దాన్ని ర్యాంకుగా చదవొద్దు. 67 అని ఉంటే, ఆ పరీక్ష రాసిన ప్రతి వందమందిలో 67 మందితో సమానంగానో వారికన్నా మెరుగ్గానో చేశాడని చెప్పడమే. మిగిలిన 33 మంది దారికి అడ్డంగా నిలబడి లేరు. సీట్లు అయిపోవు.

మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా వచ్చే ఈ స్కోర్లను ఏ కాలేజీ అడగదు. ఒకప్పుడు అయిదు, ఎనిమిది తరగతుల్లో తప్పితే పై తరగతికి పంపేందుకు అడ్డంకి ఉండేది. 2021లో ఆ షరతు తీసేశారు. ఇంత ధైర్యం చెప్పాక, దాచకూడనివి కూడా చెప్పాలి. హైస్కూల్లో ఆల్జీబ్రా, బయాలజీ, ఇంగ్లీషు, అమెరికా చరిత్ర పరీక్షలు డిప్లొమాకు లెక్కలోకి వస్తాయి. అయిదో తరగతి లెక్కల స్కోరును ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో చేర్చేటప్పుడు చూస్తారు. స్థాయి అందుకోని బిడ్డకు అదనపు బోధన ఇవ్వాలని రాష్ట్ర చట్టం చెబుతోంది. ‘మావాడికి అవసరం లేదు, ఇంట్లో మేమే చూసుకుంటాం’ అని పరువు కోసం ఆ సాయాన్ని కాదనుకుంటే నష్టపోయేది వాడే.

పరీక్ష రోజు బిడ్డకు ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలియదు. గోడల మీద వాళ్ళు వేసిన బొమ్మలు, పదాల పట్టీలు అన్నీ కాగితాలతో మూసేస్తారు. తలుపు మీద ‘పరీక్ష జరుగుతోంది’ అని అట్ట వేలాడుతుంది. నిన్నటిదాకా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని సందేహం తీర్చిన టీచరు ఇవాళ చెయ్యెత్తితే దగ్గరికొచ్చి, ‘నీకు తోచినట్టు చెయ్యి నాన్నా’ అని వెళ్ళిపోతుంది. ఎనిమిదేళ్ళ పిల్లకు నిబంధనలు తెలియవు. టీచరుకు తన మీద కోపమొచ్చిందేమో అనుకుంటుంది. అవతలి పాప ముందుగా ముగించేస్తే తానేదో తప్పు చేస్తున్నానని భయపడుతుంది. ఆ రోజు సాయంత్రం కారెక్కగానే ‘ఎన్ని ప్రశ్నలు వదిలేశావు?’ అన్న మాట వింటే, రోజంతా బిగబట్టుకున్నది ఇంకా లోపలికి పోతుంది. ‘ఆకలేస్తోందా?’ అన్న చిన్న మాట ఆ పూటకు సరిపోతుంది.

నేను పాఠాలు చెప్పే తరగతిలో ఒకసారి హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన అబ్బాయి ఉండేవాడు. నాలుగో తరగతి. ఇరవై దాకా ఎక్కాలు గడగడా అప్పజెప్పేవాడు. లెక్కల్లో స్కోరు మాత్రం తక్కువొచ్చింది. వాళ్ళమ్మా నేనూ కూర్చుని తప్పిన ప్రశ్నలన్నీ వరసగా చూశాం. గుణకారాలు, భాగహారాలు అన్నీ ఒప్పే. తప్పినవన్నీ గాలన్లు, క్వార్టులు, అడుగులు, అంగుళాలు, డైమ్‌లు, నికెల్‌లు. పుట్టినప్పటి నుంచీ లీటర్లూ రూపాయలూ చూసిన పిల్లవాడికి తెర మీద కొలతల పట్టిక ఇచ్చినా దాన్ని ఎక్కడ వాడాలో తెలియలేదు. ఆవిడ ఆ సాయంత్రమే ఖాళీ పాల గాలన్ డబ్బా తీసి, క్వార్టు సీసాతో నాలుగుసార్లు వాడి చేతనే నీళ్ళు పోయించింది. డబ్బా మూతిదాకా నిండగానే వాడికి అర్థమైపోయింది. ఆ అంకె ఒక్కటే చూసి ఉంటే ‘లెక్కల్లో వీక్’ అని మనం అనేవాళ్ళం. అప్పటికే వాడు తన గురించి తాను అలాగే అనుకుంటున్నాడు. పెద్దవాళ్ళు ఆ మాట ఒక్కసారి అంటే ఏళ్ళ తరబడి మోస్తారు పిల్లలు.

ఇంకో చోట కూడా మనం జాగ్రత్తపడాలి. తెలుగు మాట్లాడడం రాని పిల్లలకు తెలుగు అర్థం కాదనుకుని, వాళ్ళ ముందే ఫోన్లో అత్తమ్మకో అక్కకో అన్నీ చెప్పేస్తాం. ‘పెద్దాడు బాగానే చేశాడు గానీ, చిన్నదానికి అంతగా పట్టడం లేదు.’ వెనక సీట్లో కూర్చున్న చిన్నది ప్రతి ముక్కా వింటుంది. జవాబు ఇంగ్లీషులో ఇచ్చే పిల్లలకు కూడా బాధ పెట్టే మాట ఏ భాషలో ఉన్నా తెలిసిపోతుంది.

భాష మాట వచ్చింది కాబట్టి ఒక ఫారం గురించి చెప్పాలి. బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. తెలుగు అని రాస్తే బిడ్డ మీద ముద్ర పడుతుందని, వేరే గదిలో కూర్చోబెడతారని భయపడి చాలామంది ఇంగ్లీషు అని రాసేస్తున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఉన్నది ఉన్నట్టు రాద్దాం. ఇంగ్లీషు బాగా వచ్చిన బిడ్డయితే తొలి పరీక్షలోనే ఆ సంగతి తేలిపోతుంది. రాని బిడ్డకు ఆ ఒక్క మాటతోనే సాయం మొదలవుతుంది. ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు ఏటా ఎంత ముందుకెళ్ళారన్నదాన్ని ప్రతి రాష్ట్రమూ బడి లెక్కలో కలపాల్సిందే. అంటే మన బిడ్డకు ఇంగ్లీషు నేర్పడం బడికి కూడా పట్టింపుగా ఉంటుంది. ఫారంలో నిజం రాయకపోతే ఆ లెక్కలో మన బిడ్డ ఉండడు.

హాజరు సంగతి కూడా అంతే. బడి రోజుల్లో పదో వంతు, అంటే 180 రోజుల ఏడాదిలో 18 రోజులు మానితే దాన్ని పెద్ద గైర్హాజరుగా లెక్కిస్తారు. చాలా రాష్ట్రాలు బడి అంచనాలో దీన్నీ కలుపుతున్నాయి. టెక్సస్, కాలిఫోర్నియాల్లో బడికి వచ్చే డబ్బు కూడా రోజువారీ హాజరును బట్టే ఉంటుంది. డిసెంబరు సెలవులకు ఇంకో రెండు వారాలు కలుపుకుని ఊరికి వెళ్ళాలని మనకుంటుంది. అమ్మమ్మ ఒడిలో గడిపే రోజులు ఏ పరీక్షకూ అందని చదువు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ రెండు వారాల్లో తరగతిలో భిన్నాలు మొదలుపెట్టి ముగించేస్తే, తిరిగొచ్చిన బిడ్డ మధ్యలో నిలబడిపోతుంది. వీలైతే వేసవిలో వెళ్దాం. వీలుకాకపోతే ముందే టీచరుకు చెప్పి, ఆ రెండు వారాల్లో ఏం చెప్పబోతున్నారో అడిగి తీసుకెళ్దాం.

మాస్టర్స్ వచ్చిన ఇళ్ళలో బెంగ ఉండదనుకుంటాం. అక్కడ ఇంకో రకం బెంగ ఉంటుంది, బిడ్డ లోపల. ఏటా మాస్టర్సే తెచ్చుకునే పిల్లలు కొందరు మెల్లగా కష్టమైనవాటి జోలికి పోవడం మానేస్తారు. తెలియని ప్రశ్నకు చెయ్యెత్తరు, లావుపాటి పుస్తకం ముట్టరు. ఒక్కసారి తప్పు చేస్తే ఇంట్లో తన చోటు తగ్గుతుందేమోనని వాళ్ళ భయం. తగ్గదని మనకు తెలుసు. వాళ్ళకు తెలిసేలా మనం ఎప్పుడైనా చెప్పామా అన్నదే ప్రశ్న.

రాష్ట్రం కొలవలేనివి కూడా మన కళ్ళ ముందే ఉంటాయి. కొత్తగా చేరిన పిల్లను భోజనాల బల్ల దగ్గర పక్కన కూర్చోబెట్టుకుందా? చదివిన కథను రాత్రి మనకు చెప్పాలని తహతహలాడుతోందా? రాని లెక్క మీద పది నిమిషాలు ఓపిగ్గా కూర్చుంటోందా? పరీక్షకు అందకపోయినా, ముందు ముందు నిలబెట్టేవి ఇవే.

అయితే ఫలితాలు వచ్చిన రోజు ఏం చేద్దాం? ముందు మనమిద్దరమే చూసుకుందాం. మన ముఖాల్లో కంగారు తగ్గాకే బిడ్డకు చెబుదాం. మొత్తం అంకె దగ్గర ఆగిపోకుండా, ఏ విభాగంలో ఏ ప్రశ్నలు తప్పాయో చూద్దాం. పోయినేటి కాగితం పక్కన పెట్టుకుని ఎంత ఎదిగిందో చూద్దాం. ఆ తర్వాత బిడ్డతో కూర్చుని ‘ఇందులో నీకు ఏది కష్టమనిపించింది?’ అని అడిగి, మధ్యలో అడ్డు రాకుండా విందాం. బడి తెరిచాక టీచరును మూడు ప్రశ్నలు అడుగుదాం. తరగతిలో మీరు చూసేదానికీ ఈ స్కోరుకూ పొంతన ఉందా? మావాడికి ఎక్కడ సాయం కావాలి? ఇంట్లో మేం ఏ ఒక్క పని చేస్తే బాగుంటుంది? మంచి టీచరుకు ఈ మూడూ దొరికితే అరగంట పట్టదు దారి చూపడానికి. పోలిక కావాలనిపిస్తే పోయినేటి తనతోనే తనను పోలుద్దాం. వాట్సాప్ గ్రూపులో స్కోర్లు అడిగేవాళ్ళకు ‘బాగానే చేసింది’ అని చెబితే చాలు.

ఇది ఇప్పుడే అలవాటు చేసుకోవడం మంచిది. 2027-28 విద్యాసంవత్సరం నుంచి టెక్సస్‌లో స్టార్ స్థానంలో మూడు చిన్న పరీక్షలు రాబోతున్నాయి, ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో. 2025లో చట్టం చేశారు. బిడ్డ ఎక్కడ తడబడుతోందో మొదట్లోనే తెలిస్తే సరిదిద్దడానికి మిగతా ఏడాది చేతిలో ఉంటుంది, అది మేలే. కానీ ఇంట్లో మన తీరు మారకపోతే ఏటా ఒకసారి పడే బెంగ మూడుసార్లు పడాల్సి వస్తుంది. బిడ్డ కూడా మూడుసార్లు పడుతుంది.

పరీక్షలు ఎన్ని పెట్టాలో, గీతలు ఎక్కడ గీయాలో మన చేతుల్లో లేదు. ఆ ఫలితం మన ఇంట్లోకి ఏ మాటలతో రావాలన్నది పూర్తిగా మన చేతుల్లోనే ఉంది. బడిని అడగాల్సినవి గట్టిగా బడినే అడుగుదాం. బిడ్డ దగ్గరికి వచ్చేసరికి తీర్పు పక్కన పెట్టి సాయం పట్టుకెళ్దాం. మన ప్రేమ స్కోరును బట్టి పెరిగేదీ తగ్గేదీ కాదని పిల్లలకు నమ్మకం కుదిరితే, తప్పిన ప్రశ్నను వాళ్ళే మన దగ్గరికి తెచ్చి చూపిస్తారు. నేర్పడానికి మనకు దొరికే అసలైన అవకాశం అప్పుడే.